ఎర్ర ఫిల్టరు గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఇక్కడ నేను కుశలం కాదు. తమరు మాత్రం ఒంటి మీద గీతైనా పడకుండా, డబ్బీలో నిగనిగలాడుతున్నారు. సంతోషం.

నిన్న కడిగిన బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంకా క్లిప్పుకు వేలాడుతోంది. మొత్తం 36 ఫ్రేములు. వెలుతురుకు పెట్టి చూస్తే అంచున కంపెనీవాడు వేసిన అంకెలు నల్లగా, ముద్దుగా ఉన్నాయి. అంటే ఫిల్ము కడిగే డెవలపర్ మందు మీదకు నెట్టేసే దారి కూడా లేదు. ఆ అంకెల మధ్య ఉండాల్సిన బొమ్మలే లేవు. చెట్టు కింద మనిషిని నిలబెట్టి తీశాను. చెట్టు కిందంతా ఉత్త ప్లాస్టిక్కు.

సంచిలో పసుపు ఫిల్టరు ఉంది పాపం. ఒక స్టాపు, అంటే వెలుగులో సగం, పుచ్చుకుని, ఆకాశాన్ని కాస్త ముదురు చేసి, తన పని తాను చూసుకుంటుంది. నారింజది రెండు స్టాపులు అడుగుతుంది. నాకేమో నీలాకాశం నల్లగా, మేఘం ఉతికిన దూదిలా కావాలి. అందుకని తమరిని బిగించాను. తమరి కప్పం మూడు స్టాపులు. వచ్చిన వెలుగులో ఎనిమిదో వంతే లోపలికి వదులుతారు. ఈ సంగతి నాకు తెలియదా? తెలుసు! నాది రేంజ్‌ఫైండర్ కెమెరా. నా కన్ను చూసే కిటికీ వేరు, తమరు కూర్చున్న లెన్సు వేరు. లెన్సులోంచే చూపించే ఎస్సెల్లార్ అయితే కన్ను పెట్టగానే లోకమంతా ఎర్రబడి చెంప పగలగొట్టేది. వెలుగు కొలిచే చేతి మీటరేమో ఫిల్ము వేగం 400 మీదే ఉంది. తమరు వచ్చినట్టు దానికెవరు చెప్పారు?

పైగా ఆ ఎనిమిదో వంతు లెక్క ఎండకే. నీడలో పడేది నీలాకాశపు వెలుగు, సరిగ్గా తమరు మింగేసేది అదే. చెట్టు కింద మనిషి అందుకే గల్లంతు.

తమరి పేరూ ఒకటి కాదు. ఒకచోట 25, పాతవాళ్ళ నోట ‘ఎ’, ఇంకో కంపెనీ డబ్బీ మీద 090. అప్పులెగ్గొట్టి తిరిగేవాడికైనా ఇన్ని పేర్లుండవు. మబ్బు పట్టిన రోజు తమరిని పెడితే దండగ, నల్లబరచడానికి అక్కడ నీలమేది? మా చెల్లి ఫొటో తీస్తే ఎర్రటి పెదవులు పాలిపోయి వారం లంఖణాలు చేసినదానిలా వచ్చింది. అదింకా నాతో మాట్లాడటం లేదు.

1927లో అమెరికాలో హాఫ్ డోమ్ కొండ ముందు ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ కూడా మొదట పసుపే పెట్టాడు. తృప్తి లేక, మిగిలిన చివరి ప్లేటుకు ముదురెరుపు పెట్టాడు. నిన్ను కొన్నది ఆ బొమ్మ చూసే. ఆయన ఎక్స్‌పోజరు పెంచాడుగా అంటావా? నోర్ముయ్. గుండ్రటి గాజుముక్కవి, నువ్వా నాకు చెప్పేది! రోజంతా మెడకు వేలాడావే, ఒక్కసారైనా గుర్తు చేశావా?

కానీ 27వ ఫ్రేము ఒకటుంది. నీడలోంచి ఎండలోకి వచ్చి, షట్టరు డయలు సెకనులో 1/500కి తిప్పడం మర్చిపోయి 1/60 మీదే నొక్కేశాను. సరిగ్గా మూడు స్టాపులు. రెండు మతిమరుపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. నీళ్ళట్యాంకు వెనక ఆకాశం నెగెటివులో గాజులా తేటగా ఉంది, మేఘం నల్లటి ముద్ద. ప్రింటులో అది తిరగబడ్డాక ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, దొంగముఖమా.

రేపు ఎండ కాస్తుందట. మీటరు మీద 400 తీసేసి, అందులో ఎనిమిదో వంతు, 50 పెట్టాను. సంచిలో ఎక్కి కూర్చో.

ఇట్లు,
35 ఫ్రేములు పోగొట్టుకున్నవాడు