గ్యాస్‌కైతే ఓడ, వానకైతే మొండిచెయ్యి

జాయిడీస్ రిజల్యూషన్ ఓడను అమెరికా వదిలించుకుంది. 1985 నుంచి సముద్రగర్భాన్ని తొలిచి మట్టి కోర్లు, అంటే గొట్టాల్లాంటి పొడవాటి మట్టి నమూనాలు, తీసిన ఓడకు 2024 ఆగస్టుతో ఆఖరి యాత్ర అయిపోయింది. 2028 దాకా నడిపే వీలున్నా, దానికి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఒప్పందం పొడిగించలేదు. ఓడ 1978 నాటిది, ఏటా 7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు, భాగస్వామ్య దేశాల వాటా చాలడం లేదు అన్నది ఆ సంస్థ వాదన. నిజమే కావచ్చు. అయితే పాత ఎద్దును అమ్మేవాడు కొత్తదాన్ని దొడ్లో కట్టేసుకున్నాకే అమ్ముతాడు. ఇక్కడ దొడ్డి ఖాళీ.

మనకెందుకు అంటారా? 2006లో మన ప్రభుత్వమే ఈ ఓడను కృష్ణా-గోదావరి బేసిన్‌కు రప్పించింది. వెతికింది గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే సముద్రగర్భంలో మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న మీథేన్ గ్యాస్ కోసం. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన ఒక కోరులో 4 వేల ఏళ్ల కిందటి నుంచి వానలు తగ్గుతూ, ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చిన వైనం బయటపడింది. గ్యాస్ బేరంలో గోదావరి చరిత్ర కొసరుగా వచ్చిందన్నమాట!

ఆ చరిత్ర చదవడం తేలిక కాదు. బురదను జల్లెడలో కడిగితే ఫొరామినిఫెరా అనే చిన్నారి సముద్రజీవుల గుల్లలు ఇసుక రేణువుల్లా మిగులుతాయి. మైక్రోస్కోపు కింద తడి కుంచె కొనతో ఒక్కొక్కటే ఏరాలి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు. గుల్లలో మెగ్నీషియం మోతాదు పెరిగితే అప్పటి నీరు వెచ్చన. బేరియం పెరిగితే నదుల నీరు ఎక్కువగా కలిసినట్టు. 2014-15లో ఇదే ఓడ మహానది ఎదుట తీసిన కోర్ల నుంచి 9 లక్షల ఏళ్ల రుతుపవనాల లెక్క తేలింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినప్పుడల్లా వానలు ముదిరాయి. ఆ కోర్లను భద్రపరిచేది మాత్రం జపాన్‌లోని కోచిలో. కేరళ కొచ్చి అనుకునేరు!

సముద్రం అడుగున పడి ఉండే లోహపు గడ్డలు (నోడ్యూల్స్) ఏరడానికి, ముగ్గురిని 6 వేల మీటర్ల లోతుకు దింపడానికి మన డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్ల రూపాయలు దొరికాయి. దొరకనీయండి. గుల్లల కోసం సముద్రాన్ని తొలిచే ఓడ మాటెత్తితేనే ఖజానా ఖాళీ అయిపోతుంది. చైనా అలా అనుకోలేదు. 11 వేల మీటర్లు తవ్వగల మెంగ్ షియాంగ్ ఓడను 2023 డిసెంబరులోనే సముద్ర పరీక్షలకు దింపింది. వాతావరణ సదస్సుల్లో గొంతు చించుకునే వాషింగ్టన్, ఢిల్లీ పెద్దలకు గ్యాస్ అంటే అత్యవసరం, ఖనిజం అంటే అత్యవసరం, రేపటి వాన సంగతి మాత్రం వాయిదా!

ఈసారి గ్యాస్ కోసం ఓడను అద్దెకు తెచ్చినప్పుడు ఆ కొసరు బురదనైనా పారబోయకండి.