తడి ఆరని నర్తకుడు

మా బావమరిదికి ఉన్నట్టుండి ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకళ మీద మనసు పడింది. ముఖం ఎలా ఉందో కాదు, లోపలి భావం ఎలా ఉందో వేయాలట. చేయి తిరగడానికి ముందుగా ఎవరైనా గొప్పవారి బొమ్మ చూసి దింపాలట. 1909లో రష్యా చిత్రకారుడు యావ్లెన్‌స్కీ వేసిన నర్తకుడు సఖరోవ్ చిత్రాన్ని పట్టుకున్నాడు. ఎర్రటి దుస్తులు, తెల్లగా పూసుకున్న ముఖం, చేతిలో పువ్వు.

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర కలర్ జిరాక్సు తీయించి, దాని మీద గళ్లు గీసి, గడికో ముక్క చొప్పున దింపడం మొదలుపెట్టాడు. అసలు బొమ్మ అరగంటలోపే పూర్తయిందంటారు. మావాడికి ఒక్క కనురెప్పకే పొద్దు వాలింది.

"దవడకు ఆ పసరేమిటిరా?" అంది మా ఆవిడ.

"నీడ అక్కా."

పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు తిరిగినా కదలని నీడను చూస్తూ పెరిగినవాళ్లం. ఆ వింత నీడ కూడా నల్లగానే ఉంటుంది మరి!

యావ్లెన్‌స్కీ మళ్లీ దిద్ది పాడుచేస్తాడన్న భయంతో సఖరోవ్ ఆ బొమ్మను తడి ఆరకముందే పట్టుకుపోయాడట. నూనె రంగులు ఆరాలంటే రోజులు పడుతుంది. మావాడి బొమ్మ గోడకు చేరగిలబడి ఆరుతూ ఉండగా, పెళ్లి భోజనానికని మామగారు దేవరకొండ నుంచి దిగారు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా.

"ఈ పిల్ల ఎవరురా?"

"పిల్ల కాదు నాన్నా, మగవాడు. నాట్యం చేస్తాడు."

"ఓహో, ఆడవేషమా! అలా చెప్పు. మా ఊరి భాగవతంలో సత్యభామ అచ్చం ఇలాగే ఉండేది. ముఖానికి అర్దళం, కళ్లకు చెవుల దాకా కాటుక. లాంతరు వెలుగులో చివరి వరుసవాడికి కోపం కనబడాలంటే కళ్లు ఇంతేసి ఉండొద్దూ!"

మావాడు ఇన్నాళ్లుగా మాకు చెప్పలేక చచ్చిన సంగతి అది. మేము తేరుకునేలోగా, ఒకప్పుడు ఆ సత్యభామ వేషం కట్టిన స్నేహితుడు వెనక వీధిలోనే ఉన్నాడంటూ మామగారు బొమ్మను చంకలో పెట్టుకుని బయలుదేరారు.

తిరిగొచ్చేసరికి సఖరోవ్ సగం కాన్వాసు మీద, సగం చొక్కా మీద ఉన్నాడు. చంక కింద ఒక కన్ను, జేబు మీద పువ్వు. మా ఆవిడ టర్పెంటైన్ ముంచిన గుడ్డతో రుద్దితే ముక్కు గుండీల దాకా సాగింది. బావమరిది మాత్రం చొక్కానే తదేకంగా చూస్తూ, "ఈ కన్ను కుదిరింది బావా, ఉతకవద్దని చెప్పు" అన్నాడు.

మామగారు నా చొక్కా తొడుక్కుని, పొట్ట దగ్గర గుండీ పట్టక పైన కండువా కప్పుకున్నారు. పంక్తిలో ఆయన పక్కన కూర్చున్నవారు రెండుసార్లు విస్తరి వాసన చూసి, వంటవాణ్ణి పిలిపించి ఏ నూనె వాడావని నిలదీశారు.