పాత సాంబ విత్తనాన్ని ఇక ఆపాలి

గాలివాన తగ్గిన కొద్ది రోజులకు సాంబ మసూరి చేలో ఆకుల కొనల నుంచి అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగి, ఆపై ఎండుగడ్డి రంగుకు తిరిగితే, అది ఎండాకు తెగులా, పోషక లోపమా అని తేల్చుకోవడానికి ప్రయోగశాల దాకా వెళ్లనక్కర్లేదు. పచ్చదనం, ఎండు కలిసే చోట ఆకును అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులోని మంచినీళ్లలో నిలబెడితే చాలు. తెగులే అయితే కాసేపటికి కోసిన అంచు నుంచి పాలచారలాంటి సన్నని తీగ నీళ్లలోకి జారుతుంది. అదంతా బాక్టీరియానే. దాన్ని చూశాక రైతు చేయగలిగింది బహు తక్కువ. యూరియా ఆపుతాడు, మడిలో నీళ్లు తీసి ఆరగడతాడు, దుకాణదారు చేతిలో పెట్టిన యాంటీబయాటిక్ పొడిని రాగి మందుతో కలిపి కొడతాడు. ఒకసారి ఆకు నాళాల్లోకి చేరిన బాక్టీరియాను వెనక్కి రప్పించే మందు మాత్రం ఇంతవరకు లేదు.

ఈ తెగులుకు నిలకడైన సమాధానం విత్తనంలోనే ఇమిడి ఉండాలని వరి శాస్త్రవేత్తలకు ఎప్పుడో అర్థమైంది. ఆ సమాధానం 2008 నుంచి మన చేతిలో ఉంది కూడా. రాజేంద్రనగర్‌లోని నాటి వరి పరిశోధన సంచాలకాలయం, అంటే నేటి భారతీయ వరి పరిశోధన సంస్థ, అదే హైదరాబాద్ నగరంలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, గింజ నాణ్యతను చెదరనివ్వకుండా అందులోకి మూడు నిరోధక జన్యువులను చేర్చి ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ని విడుదల చేశాయి. అయినా 1986 నాటి పాత బీపీటీ నేటికీ విస్తారంగా సాగవుతూనే ఉంది, గాలివాన వచ్చిన ఏడాదల్లా గ్లాసులో పాలచార తేలుతూనే ఉంది. ప్రభుత్వం పాత బీపీటీ 5204కు బ్రీడర్ విత్తనం, అంటే మిగతా విత్తనమంతటికీ మొదలైన తొలి విత్తనం, తయారు చేయించడం పూర్తిగా మానుకొని, ఆ స్థానంలో నిరోధకత ఉన్న రూపాలకే విత్తన గొలుసును అప్పగించాలని నా వాదన. ఇది కఠినంగా వినిపిస్తుందని తెలుసు. కానీ ఆ మూడు జన్యువులు ఏం చేస్తాయో తెలుసుకున్నవారికి, ఇన్నేళ్ల ఆలస్యమే అసలైన కాఠిన్యంగా తోస్తుంది.

ఎండాకు బాక్టీరియా వరి కణంలోకి కొన్ని ప్రోటీన్లను పంపుతుంది. అవి మొక్క డీఎన్‌ఏ మీదే కూర్చుని, చక్కెరను కణం బయటికి వదిలే ‘స్వీట్’ జన్యువులను తట్టి లేపుతాయి. మొక్క తన పంచదార కుళాయిని తానే తిప్పి శత్రువుకు మేత పోస్తుందన్న మాట. ఎక్స్‌ఏ13 అనే నిరోధక రూపంలో ఈ కుళాయి ఉంటుంది, కానీ దాని పిడి మారిపోయింది. బాక్టీరియా చెయ్యి దానికి పట్టదు. కుళాయినే పీకేస్తే సరిపోదా అంటే, పుప్పొడి ఎదగడానికి మొక్కకు అదే జన్యువు కావాలి. పుప్పొడి పాడైతే గింజ పట్టదు. కాబట్టి పిడి మాత్రమే మారిన ఈ సహజ రూపం దొరకడం చిన్న అదృష్టం కాదు. రెండోదైన ఎక్స్‌ఏ5 మరో చోట అడ్డుపడుతుంది. జన్యువులను చదివించే మొక్క యంత్రాంగంలోని ఒక భాగాన్ని స్వల్పంగా మార్చి, బాక్టీరియా ప్రోటీన్లకు అక్కడ పట్టు దొరకకుండా చేస్తుంది. మూడోదైన ఎక్స్‌ఏ21 కావలివాడు. బాక్టీరియా జాడను కణం గోడ దగ్గరే పసిగట్టి మొక్కను అప్రమత్తం చేసే ఈ జన్యువు పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని ఏళ్ల తరబడి సంకరం చేసి సాగు వరిలోకి తెచ్చింది. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పమేలా రొనాల్డ్ బృందం ఆ జన్యువును విడదీసి చూపింది. ఎక్కడో నీటి ఒడ్డున, కోతకు పనికిరాని గడ్డిగా పెరిగిన మొక్క కృష్ణా డెల్టా సన్నబియ్యానికి కాపలా కాయగలిగిందంటే, అడవి రకాలను భద్రపరిచే విత్తన నిధులకు చేసే ఖర్చు వృథా అనేవారు ఒకసారి ఆగి ఆలోచించాలి.

మూడింటినీ ఒకే మొక్కలో పేర్చడం అనుకున్నంత సులువు కాదు. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 రెండూ అంతర్గత జన్యువులు, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే తప్ప వాటి గుణం బయటపడదు. సాంబ మసూరితో మళ్లీ మళ్లీ వెనక సంకరం చేస్తున్నప్పుడు ప్రతి తరంలోనూ మొక్కకు ఒక్క ప్రతే ఉంటుంది. తెగులు పూసి చూస్తే ఆ జన్యువు ఉన్న మొక్కా, లేని మొక్కా ఒకేలా కనిపిస్తాయి. పైగా ఎక్స్‌ఏ21 ఒక్కటి ఉన్న మొక్క, మూడూ ఉన్న మొక్క పొలంలో ఇంచుమించు ఒకే తీరుగా తట్టుకుంటాయి. కంటితో ఎంచుకునే పాత పద్ధతిలో ఈ పేర్పు దాదాపు అసాధ్యం. నారుమడి దశలోనే చిటికెడు ఆకు తీసి, డీఎన్‌ఏ గుర్తుల ఆధారంగా ఏ మొక్కలో ఏముందో చదివి, మిగతావాటిని పారేయడం వల్లనే సీసీఎంబీలో రమేశ్ సొంటి, వరి సంస్థలో ఆర్.ఎం. సుందరం వంటివారి బృందాలు ఈ పని పూర్తి చేయగలిగాయి. ఇందులో బయటి జీవి జన్యువును చొప్పించడం లేదు, జన్యుమార్పిడి పంటల మీద ఏళ్లుగా నడుస్తున్న తగవుకు ఇక్కడ తావే లేదు. వరికి వరితోనే సంకరం. కళ్లు మాత్రం కొత్తవి.

ఒకటి సరిపోయే చోట మూడెందుకన్న ప్రశ్నకు చరిత్రే జవాబు చెప్పింది. ఆసియా అంతటా నాటిన అనేక రకాల్లో ఎక్స్‌ఏ4 అనే ఒంటరి జన్యువు కొన్నేళ్లు కాపాడి, దాన్ని దాటే బాక్టీరియా పుట్టగానే చేతులెత్తేసింది. గోధుమలో ఎస్ఆర్31 అనే ఒక్క జన్యువును నమ్ముకొని ప్రపంచం నిశ్చింతగా ఉండగా, 1990ల చివర ఉగాండాలో దాన్ని ఛేదించే కాండపు తుప్పు బయటపడింది. యూజీ99గా పేరుపడిన ఆ తెగులు గురించి హరిత విప్లవ పితామహుడు నార్మన్ బోర్లాగ్ తన తొంభయ్యో పడిలో కూడా దేశదేశాలను హెచ్చరిస్తూ తిరగవలసి వచ్చింది. మూడు వేర్వేరు తాళాలున్న తలుపును ఒకేసారి తీయాలంటే బాక్టీరియాలో మూడు మార్పులూ కలిసి రావాలి. అది జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ దానికి పట్టే కాలంలో నాలుగో తాళం తయారు చేసుకోవచ్చు.

ఇక సజ్జ సంగతి చూడండి. 1960ల్లో వచ్చిన తొలి సంకర సజ్జలను వెర్రి కంకి తెగులు కొద్ది ఏళ్లకే తుడిచిపెట్టింది. ఆ అనుభవం మరవని పటాన్‌చెరులోని ఇక్రిశాట్, హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం, 1990లో విడుదలైన హెచ్‌హెచ్‌బీ 67 అనే సంకరానికి తెగులు ముప్పు పెరుగుతోందని గ్రహించి, డీఎన్‌ఏ గుర్తుల సాయంతో దాని తల్లిదండ్రుల వరుసలను బలపరచి 2005లో మెరుగైన రూపాన్ని తెచ్చాయి. రైతు ఏటా సంకర విత్తనం కొనక తప్పదు కనుక, తల్లిదండ్రుల వరుసలు మారితే పొలం దానంతటదే మారిపోయింది. వరిలో ఆ సౌలభ్యం లేదు. సాంబ మసూరి స్వపరాగ సంపర్క రకం, తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది. నిరుటి పంటలోంచి రెండు బస్తాలు పక్కన పెట్టుకున్న రైతుకు కొత్త విత్తనం కొనవలసిన అవసరమే రాదు. కనుక ప్రయోగశాలలో గెలిచిన రకం పొలానికి చేరాలంటే ఎవరో ఒకరు పూనుకొని పాతదాన్ని తప్పించాలి, ఆ ఎవరో ప్రభుత్వమే కావాలి.

మార్కెట్ ఆ పని చేయదు. నిరోధకత కంటికి కనిపించని గుణం. మిల్లరు గింజ సన్నదనం, నూక శాతం చూస్తాడు. బియ్యం బస్తా మీద ‘సోనా మసూరి’ అని ఉంటుందే తప్ప లోపలి గింజ ఎండాకు తెగులును తట్టుకున్న మొక్కదా, మందులు తాగిన మొక్కదా అని హైదరాబాద్‌లో కొనేవారికీ తెలియదు, డాలస్‌లో కొనేవారికీ తెలియదు. (ఇంప్రూవ్డ్ సాంబ అన్నంతో రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందన్న విషయానికి పత్రికల్లో దొరికిన చోటు, దాని అసలు గుణానికి ఎన్నడూ దొరకలేదు.) తెలంగాణ సోనా ఊరూరా పాకడానికి అగ్గి తెగులును తట్టుకునే గుణం ఒక్కటే కారణం కాదు, తక్కువ రోజుల్లో చేతికి రావడమూ కారణమే. కొనేవాడు కొలవడం మొదలుపెడితే కథ ఎలా మారుతుందో బాస్మతి చూపింది. అగ్గి తెగులుకు కొట్టే ట్రైసైక్లజోల్ అవశేషాల పరిమితిని 2018 నుంచి యూరప్ కిలోకు 0.01 మిల్లీగ్రాముకు దించేసరికి మందు కొట్టనక్కర్లేని బాస్మతి అవసరం అందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది. కొన్నేళ్లకే ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి అగ్గి తెగులునూ, ఎండాకు తెగులునూ తట్టుకునే 1847, 1885, 1886 రకాలు వచ్చాయి. మన సన్నవడ్లకు అలాంటి కొలత పెట్టేవారు లేరు. తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్నాలకు ఇస్తున్న క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా సన్నదనానికే తప్ప నిరోధకతకు కాదు. ప్రజాధనంతో రైతు విత్తన ఎంపికను ప్రభావితం చేసే ఇంత పెద్ద సాధనం చేతిలో ఉండి దాన్ని ఇలా వాడుకోవడం, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమే.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి. ఏ విత్తనం వేయాలో రైతే నిర్ణయించుకోవాలని, ఏ జన్యువైనా ఏదో ఒకనాడు లొంగిపోతుందని, మూడు జన్యువుల సాంబకు సైతం అగ్గి తెగులు, సుడిదోమ సోకుతాయని అంటారు. చివరిది నిజమే, అందుకే అదే సాంబలోకి పీఐ2, పీఐ54 వంటి అగ్గి తెగులు జన్యువులను చేర్చే పని కూడా సాగింది. మొదటి మాటకు నా జవాబు ఒక్కటే: రైతు దాచుకున్న గింజను నాటకుండా ఎవరూ ఆపడం లేదు, తెగులుకు తలుపు తెరిచి ఉందని తెలిసిన విత్తనాన్ని సర్కారు ముద్ర వేసి అమ్మవద్దంటున్నాను.

జన్యువులు లొంగుతాయన్న వాదన మాత్రం నా పక్షానికే బలం. నిరోధకత ఒకసారి కనిపెట్టి చేతులు దులుపుకొనే వస్తువు కాదు, చెరువు పూడిక లాంటిది, ఏటా తీయవలసిందే. మన పాలనకు పూడికతీత మీద కన్నా శంకుస్థాపన మీద మోజెక్కువ. కట్ట మీద శిలాఫలకం ఉంటుంది, తూముకు తలుపు ఉండదు. 2025 మే నెలలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ దేశంలో తొలి జన్యు సవరణ (మొక్క సొంత జన్యువునే మార్చే పద్ధతి) వరి రకాలు రెంటిని ఆర్భాటంగా ప్రకటించారు. వాటిలో ‘కమల’ మన సాంబ మసూరి నుంచి, పూసా డీఎస్‌టీ రైస్ 1 మన మారుటేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చాయి. గర్వించవలసిన సంగతే. కానీ కమలలో సవరించింది గింజల సంఖ్యకు సంబంధించిన జన్యువును. గొప్పగా చెప్పుకొన్నవి దిగుబడి, ముందుగా కోతకు రావడం. ఎండాకు తెగులు ఊసే లేదు. అదే జన్యు సవరణతో స్వీట్ కుళాయిల పిడులను మార్చి తెగులును అడ్డుకోవచ్చని 2019లోనే అంతర్జాతీయ బృందాలు ఐఆర్ 64 వంటి రకాల్లో చూపాయి. పాత తల్లికి ఉన్న జబ్బును అలాగే ఉంచి కొత్త బిడ్డకు పేరు పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. బాక్టీరియా నమూనాలను ఏటా పొలాల నుంచి సేకరించి, ఏ జన్యువు ఎక్కడ సడలుతోందో చూసే పనికి రిబ్బను ఉండదు, కనుక అది వార్త కాదు. వార్త కాని పనికి నిధులు రావు, ఖాళీ అయిన తెగుళ్ల శాస్త్రవేత్త కుర్చీ తొందరగా నిండదు.

ఏటా రాష్ట్రాల వ్యవసాయ శాఖలు, విత్తనాభివృద్ధి సంస్థలు తమకు ఏ రకం బ్రీడర్ విత్తనం ఎంత కావాలో ఢిల్లీకి ఇండెంటు పంపుతాయి. ఆ బ్రీడర్ విత్తనమే మరుసటి ఏడు మూల విత్తనమై, ఆపై ధ్రువీకరించిన విత్తనమై సొసైటీ గోదాముకు చేరుతుంది. అంటే ఈసారి పంపే కాగితంలో బీపీటీ 5204 వరుసలో సున్నా వేసి, ఆ పరిమాణాన్ని నిరోధకత ఉన్న సాంబ వరుసలోకి మార్చితే, రెండు మూడేళ్లలో గోదాములో సంచీ మారుతుంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పథకం పేరు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఒకే ఏడాది ఆ పని చేయడం మాత్రం అవసరం, ఎందుకంటే ఒక రాష్ట్రం ఆపిన పాత విత్తనం సరిహద్దు దాటి రెండోదాని దుకాణాల్లోంచి తిరిగి వస్తుంది.