బాస్టిల్‌ను కూల్చింది ఎవరు?

ఇరవై రెండేళ్లుగా తొమ్మిదో తరగతికి సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. ఫ్రెంచి విప్లవంలో పారిస్‌లోని బాస్టిల్ జైలు కోట ఎప్పుడు కూలిందో ఏటా అడుగుతాం. 1789 జూలై 14 అని పిల్లలు తడుముకోకుండా రాస్తారు. ఎవరు కూల్చారన్న ప్రశ్న మాత్రం ఇన్నేళ్లలో ఒక్క ప్రశ్నపత్రంలోనూ నాకు కనిపించలేదు. పాఠాల్లో ‘ప్రజలు’ అంటారు, లేదా ‘గుంపు’ అంటారు. ముఖం లేని మాటలు.

ఆ ముఖాలను వెతకడానికే జీవితాన్ని ధారపోసిన చరిత్రకారుడు జార్జ్ రూడే. ఆయన పారిస్‌లో పోలీసుల పాత దస్త్రాల ముందు కూర్చున్నారు. అల్లర్లలో పట్టుబడిన ప్రతి మనిషినీ పోలీసు గుమాస్తా పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు, ఉండే వీధి అడిగి రాసుకున్నాడు. శిక్షించడానికి రాసుకున్న ఆ కాగితాలనే రూడే ఆ మనుషులను తెలుసుకోవడానికి చదివారు. బాస్టిల్ విజేతలుగా గుర్తింపు పొందిన 662 మంది జాబితా కూడా ఆయన చేతికి అందింది. అందులో ఎవరున్నారు? వడ్రంగులు, తాళాలు చేసేవారు, చెప్పులు కుట్టేవారు, చిన్న దుకాణదారులు. ఎక్కువ మంది కోట పక్కనే ఉన్న సెయింట్ ఆంట్వాన్ పేట వాళ్లు. దొంగలూ దిమ్మరులూ చేసిన పని అని పెద్ద పెద్ద పండితులు వందేళ్లకు పైగా రాసిన మాట ఆ కాగితాల ముందు నిలవలేదు. ఆ జాబితాలో ఒకే ఒక్క స్త్రీ ఉంది. మరీ షార్పెంటియె. బట్టలుతికి బతికే మనిషి. ఆ పేరు మొదటిసారి చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

వాళ్లను వీధిలోకి తెచ్చిందేమిటో కూడా రూడే లెక్క కట్టి చూపించారు. మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిది సూలు (అప్పటి ఫ్రెంచి చిల్లర నాణేలు) ఉండే నాలుగు పౌన్ల బరువున్న రొట్టె 1789 ఫిబ్రవరికి పద్నాలుగున్నర సూలకు చేరింది. కూలికి రోజంతా కష్టపడితే వచ్చేది 20 నుంచి 30 సూలు. పిల్లలున్న ఇంట్లో ఆ డబ్బుతో ఏం తినాలి, అద్దె ఎలా కట్టాలి? ఈ లెక్క చెప్పకుండా విప్లవం గురించి చెప్పడం పిల్లలకు అన్యాయం చేయడమే.

ఇదంతా నాకు దూరపు సంగతి కాదు. కొన్నేళ్ల కిందట మా వీధికి ఎనిమిది రోజులు నీళ్లు రాకపోతే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డు మీద కూర్చున్నారు. మా పెద్దమ్మ కూడా వాళ్లలో ఉంది. మర్నాడు ఒక పత్రిక ‘అల్లరి మూక’ అని రాసింది. ఆమె పేరు, వయసు, ఇంటి నంబరు పోలీస్ స్టేషన్ పుస్తకంలో మాత్రం పొల్లు పోకుండా ఉన్నాయి. డెబ్బై ఏళ్లు ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి మూక ఎలా అవుతుంది? ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

రూడే బతుకూ సాఫీగా సాగలేదు. 1910లో ఓస్లోలో పుట్టారు, తండ్రి నార్వే ఇంజనీరు, తల్లి ఇంగ్లండు మనిషి. చదివింది కేంబ్రిడ్జిలో భాషలు. 1932లో సోవియట్ యూనియన్ చూసి వచ్చాక కమ్యూనిస్టు అయ్యారు. ఆ రాజకీయాల వల్లే 1949లో లండన్‌లో బడిపంతులు ఉద్యోగం పోయింది. ఫ్రెంచి విప్లవంలోని జనసమూహాల మీద 1959లో అంత గొప్ప పుస్తకం తెచ్చినా బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో చోటు దొరకలేదు. యాభై ఏళ్ల వయసులో సముద్రాలు దాటి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు వెళ్లారు, తర్వాత కెనడాకు.

నన్ను కదిలించేది ఆ అడిలైడ్ ఘట్టమే. 1830లో ఇంగ్లండు పల్లెల్లో నూర్పిడి యంత్రాలు వచ్చి చలికాలపు కూలి పోగొడితే, కూలీలు వాటిని విరగ్గొట్టారు. ప్రభుత్వం 19 మందిని ఉరి తీసింది, దాదాపు 480 మందిని ఆస్ట్రేలియాకు ఓడలెక్కించింది. బతుకుతెరువు కోసం అదే ఖండానికి చేరిన రూడే, అక్కడి ఖైదీల దస్త్రాల్లో ఆ కూలీల జాడ తీశారు. మరో చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్‌తో కలిసి 1969లో ఆ చరిత్రను పుస్తకంగా తెచ్చారు.

రూడే పద్ధతిలో లోటు లేదని అనను. పోలీసు చేతికి చిక్కినవాళ్లే దస్త్రాల్లో ఉంటారు. 1789 అక్టోబరు 5న రొట్టె కోసం రాజు ఉండే వర్సైకి వర్షంలో నడిచిన వేలాది స్త్రీలలో ఎంతమంది పేర్లు మనకు మిగిలాయి? మనుషుల వృత్తులు లెక్కపెట్టినంత బాగా వాళ్ల తలల్లోని ఆలోచనలను పట్టుకోలేకపోయారన్న విమర్శలోనూ నిజముంది. 1980లో ఆ ఆలోచనల మీదే ఆయన మరో పుస్తకం రాశారు. డెబ్బై ఏళ్ల వయసులో తన పనిలోని ఖాళీని పూడ్చడానికి మళ్లీ కూర్చున్న మనిషి మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను.

వచ్చే వారం మా తొమ్మిదో తరగతికి పరీక్ష. తేదీ ప్రశ్న తీసేశాను. దాని స్థానంలో ఇది రాశాను: బాస్టిల్‌ను కూల్చినవారిలో ఏవైనా నాలుగు వృత్తులవారిని పేర్కొనండి. ఆ ఏడాది రొట్టె ధర ఎంత?