బీరువా అమ్మేముందు ఒక్కసారి

పోయినేడాది హైదరాబాద్ మూసాపేటలో అమ్మ ఇల్లు ఖాళీ చేశాం. చేశాం అంటున్నాను గానీ నేనున్నది డల్లాస్‌లో, కష్టపడిందంతా అక్క. ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ పొద్దున తొమ్మిది. అక్క వీడియో కాల్‌లో ఒక్కో సామాను చూపిస్తుంటే నేను ఉంచు, తీసెయ్ అని చెప్పుకుంటూ పోయాను. అక్కడి ఆల్విన్ కంపెనీ చేసిన ఇనుప బీరువా దగ్గరికి వచ్చేసరికి "దీన్నేం చేద్దాంరా, కొత్త ఫ్లాట్‌లో గోడకే అల్మారాలున్నాయి కదా" అంది. "ఇచ్చెయ్ అక్కా" అన్నాను. రెండే మాటలు. పాత సామాన్లు కొనేవాళ్లు వచ్చి, మెట్ల మలుపులో తిరగడం లేదని తలుపులు ఊడదీసి, కిందికి దించి, ఇనుము లెక్కన తూచి తీసుకుపోయారు. ఆ పూట అమ్మ అన్నం తినలేదని నాకు వారం తర్వాత తెలిసింది.

అది ఎలాంటి బీరువానో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. నాచురంగు పెయింటు, ఒక తలుపుకి నిలువెత్తు అద్దం, పిడి తిప్పితే లోపల పైకీ కిందికీ ఒకేసారి గడులు జరిగిన చప్పుడు. పిడి చుట్టూ చేతులు తగిలి తగిలి రంగు పోయి ఇనుము మెరిసేది. ప్రతి దసరాకీ పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పడి తలుపు మీద గట్టి పొరలా అయిపోయాయి. లోపల అరల్లో పరిచిన పాత న్యూస్‌పేపర్లు, కలరా ఉండల వాసన, లాకర్‌లో అమ్మ గాజులూ నాన్న సర్టిఫికెట్లూ. అక్క పుట్టిన ఏడాది వాయిదాల మీద కొన్నారట. దాని మీద చిన్న రేకు ముక్క ఉండేది, కంపెనీ పేరుతో. కనీసం ఆ రేకునైనా విప్పి దాచమని చెప్పాలని నాకు తట్టలేదు. ఈ బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు మన వయసువాళ్లందరం ఇదే పనిలో ఉన్నాం. అమ్మానాన్నల ఇళ్లు ఫోన్లోనే ఖాళీ చేయిస్తున్నాం, వాటితోపాటు ఒక ఊరి చరిత్రని కిలోల లెక్కన అమ్మేస్తున్నాం.

మనం ఇక్కడ పిల్లలకు చెప్పే హైదరాబాద్ ఏమిటి? గోల్కొండ, చార్మినార్, నవాబులు, బిర్యానీ, ఆ వెంటనే ఒక్క గంతులో హైటెక్ సిటీ. మధ్యలో డెబ్భై ఎనభై ఏళ్లు ఏమైనట్టు? ఆ ఏళ్లన్నీ ఊరు ఫ్యాక్టరీల్లో పనిచేసింది. షిఫ్టుకి సైరన్ మోగితే లేచింది, బోనస్ వస్తే బట్టలు కొనుక్కుంది, లాకౌట్ అయితే అప్పులు చేసింది. మనలో చాలామంది తల్లిదండ్రులు పల్లె వదిలి హైదరాబాద్ వచ్చింది నవాబుల కోసం కాదు, కంప్యూటర్ల కోసం అంతకన్నా కాదు, ఆ ఫ్యాక్టరీల్లో ఉద్యోగాల కోసం. ఆ మధ్య భాగం లేకపోతే మన కథే లేదు.

ఆ కథ ఏ పుస్తకంలోకో వెళ్లి వెతకాల్సిన పని కూడా లేదు. మీ మందుల పెట్టెలోనే మొదలుపెట్టండి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న జిందా తిలిస్మాత్ సీసా ఉంటుంది చూడండి, వేలంత సీసా, ఎర్రటి నూనె. మూత తీస్తేనే యూకలిప్టస్ ఘాటు ముక్కుకి కొడుతుంది. ఆ ఎరుపు రతన్‌జోత్ అనే వేరు బెరడుది. డబ్బా మీద ఉన్న సిపాయి నిజాం ఫౌజులోని ఆఫ్రికన్ దళం మనిషి, మనం సిద్దీలు అంటామే, వాళ్లు. మహ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ అనే యునానీ హకీమ్ 1920లో మొదలుపెట్టిన ఈ మందు ఇప్పటికీ అంబర్‌పేట కార్ఖానాలోనే తయారవుతోంది. మా ఇంట్లో జలుబు చేస్తే స్టీలు గిన్నెలో మరిగే నీళ్లు, రెండు చుక్కలు, తల మీద తువ్వాలు. కళ్లు మండి ఏడుస్తుంటే అమ్మ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తల వంచి పట్టుకునేది. ఇప్పుడు నా కూతురికి నేను అదే చేస్తున్నాను, ఆ సిపాయి ఎవరని అది అడిగినప్పుడు చెప్పగలుగుతున్నాను. నిజాం సైన్యం, ఆఫ్రికా, యునానీ వైద్యం, అంబర్‌పేట అన్నీ ఆ అరచేతిలో పట్టే డబ్బా మీదే ఉన్నాయి. ఇంతకంటే మంచి చరిత్ర పాఠం నాకు తెలియదు.

తాతయ్యల జేబుల్లో ఇంకో పాఠం ఉండేది. పసుపు రంగు చార్మినార్ సిగరెట్ పెట్టె. వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఆజమాబాద్ ఫ్యాక్టరీలో చేసిన ఆ పెట్టె దేశమంతా తిరిగింది. చార్మినార్‌ని కళ్లతో ఎప్పుడూ చూడనివాళ్లు కూడా దాని బొమ్మని పాన్‌డబ్బాలో చూశారు. అదే పేరుతో ఇంటి కప్పు రేకులు కూడా వచ్చాయి. 1946లో మొదలైన హైదరాబాద్ ఆస్బెస్టాస్ కంపెనీ తయారుచేసిన చార్మినార్ రేకులు. మొదటి ఇల్లు కట్టుకున్న ఎన్నో కుటుంబాలకి ఆ రేకులే నీడ. వీటిని మురిపెంగా చెప్పుకుని వదిలేయడం నాకిష్టం లేదు. సిగరెట్ ఏం చేస్తుందో, ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో మనకి ఇప్పుడు తెలుసు. వాటిని తయారుచేసినవాళ్లూ వాడినవాళ్లూ మన మనుషులే కాబట్టి అది కూడా చెప్పాలి. మంచిది ఏరుకుని మిగతాది దాచిపెడితే అది చరిత్ర కాదు, పెళ్లి ఆల్బమ్.

మళ్లీ ఆల్విన్ దగ్గరికి వస్తాను, నా మనసు అక్కడే ఉంది. నిజాం ప్రభుత్వం 1929లో పరిశ్రమల కోసం ఒక నిధి పెట్టింది. బోధన్ చక్కెరకీ, సిర్పూర్ కాగితానికీ దన్నుగా నిలిచింది ఆ నిధే (శక్కర్‌నగర్, కాగజ్‌నగర్ అన్న పేర్లలోనే చక్కెరా కాగితమూ ఉన్నాయి, గమనించారా). అదే నిధి అండతో 1942లో, ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఆల్విన్ పుట్టింది. అప్పటికి పదేళ్ల ముందే, 1932లో, నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టి ఉన్నారు. ఆ బస్సులకు బాడీలు కట్టడం నేర్చుకున్న చేతులే తర్వాత బీరువాలు, కుర్చీలు, ఫ్రిజ్‌లు చేశాయి. మనం ట్యాంక్‌బండ్ మీద పై అంతస్తు ముందు సీటు కోసం కొట్టుకున్న డబుల్ డెక్కర్ కూడా వాళ్లు కట్టిందే. రేకుని వంచడం, అతకడం, రంగు కొట్టడం వస్తే దాంతో బస్సూ చేయొచ్చు, బీరువా కూడా చేయొచ్చు. ఒక ఊరు పని నేర్చుకోవడమంటే ఇదే. 1980లలో జపాన్ సీకో కంపెనీతో కలిసి చేతి గడియారాలు కూడా చేశారు. పదో తరగతి పాసైనందుకు ఆల్విన్ వాచీ బహుమతిగా అందుకున్నవాళ్లు ఇక్కడి మన తెలుగు అసోసియేషన్‌లోనే చాలామంది ఉంటారు. 1990లలో ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది, క్రమంగా మిగతావన్నీ విడిపోయాయి. మిగిలింది ఆల్విన్ కాలనీ అనే అడ్రసు.

అడ్రసులంటే గుర్తొచ్చింది. సిటీ బస్సు కండక్టర్ అరిచే స్టాపుల పేర్లు ఒకసారి తలుచుకోండి. ఈసీఐఎల్, ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, బీహెచ్‌ఈఎల్, ప్రాగాటూల్స్. ఇవన్నీ ఫ్యాక్టరీల పేర్లు. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ 1967లో వచ్చింది, దాన్ని నిలబెట్టిన ఏ.ఎస్. రావు పేరు మీదే ఏఎస్ రావు నగర్. హైదరాబాద్‌లో 1977లో దూరదర్శన్ వచ్చాక, వీధిలో ఒక్క ఇంట్లో ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ ఉంటే వీధంతా అక్కడే కూర్చునేది. మనవాళ్లు ఓటు వేసే ఈవీఎంలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి.

ఇక ఐడీపీఎల్. సోవియట్ల సాయంతో బాలానగర్‌లో పెట్టిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ. రసాయనాలతో మందు ఎలా తయారుచేయాలో ఒక తరం అక్కడే నేర్చుకుంది. తర్వాత డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంట్ల చట్టం వల్ల వేరే పద్ధతిలో అదే మందు చేసుకునే వీలు దొరికింది, ఈ చదువు తోడైంది, జీడిమెట్ల, పటాన్‌చెరు వైపు మందుల కంపెనీలు వరసగా లేచాయి. దాంతోపాటు నక్కవాగు నీళ్లు కూడా పాడైపోయాయి, ఆ చుట్టుపక్కల పల్లెల రైతులు కోర్టుకెక్కారు. ఇక్కడ ఫార్మసీలో ఇచ్చిన బీపీ మాత్రల సీసా తిప్పి చిన్న అక్షరాలు చదివి చూడండి, చాలాసార్లు హైదరాబాద్ కంపెనీ పేరు కనిపిస్తుంది. మన పక్కింటి అమెరికన్ పెద్దాయన రోజూ పొద్దున మింగే మాత్ర వెనక బాలానగర్ ఉందని మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

మా పెద్దమామయ్య బాలానగర్‌లో ఒక చిన్న షెడ్డులో, ఇనుముని తిప్పుతూ కోసే లేత్ మిషన్ మీద ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. పెద్ద ఫ్యాక్టరీలకి జాబ్‌వర్క్. ఏ పార్టు ఏ మిషన్‌లోకి వెళ్తుందో కూడా వాళ్లకి చెప్పేవాళ్లు కాదట, డ్రాయింగ్ ఇస్తే కొలత తప్పకుండా చేసిచ్చేవాళ్లు. ఆయన కుడి చూపుడువేలు కొస లేదు. చిన్నప్పుడు అది చూసి భయపడ్డాను గానీ ఎలా పోయిందని ఎప్పుడూ అడగలేదు. మొన్న బీరువా సంగతి చెప్తుంటే అన్నాడు, "అమ్మేశారట్రా? ఆ తాళం లోపలి గడి చూశావా ఎప్పుడైనా, ఎంత నున్నగా కోశారో. ఇప్పుడు ఎవడు కోస్తాడు అట్లా." నేను చూడలేదు. నలభై ఏళ్లు దాని పక్కనే పెరిగి చూడలేదు.

అందుకే నేను అడిగేది ఇది. మన సంఘం వేసే ప్రతి సావనీర్ సంచికలోనూ గుడి ఫొటోలకీ నాయకుల సందేశాలకీ పేజీలకి పేజీలు ఇస్తాం. అందులో ఓ పది పేజీలు వీటికి ఇద్దాం. వస్తువు మొత్తం ఉంచుకోమని నేననడం లేదు, ఫ్లాట్లలో చోటు లేదని నాకూ తెలుసు. అమ్మేముందు ఫొటో తీయండి, తలుపులు తెరిచి లోపల కూడా. కంపెనీ రేకు ఉంటే స్క్రూడ్రైవర్‌తో విప్పించి దాచండి. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు, ఏ బోనస్ డబ్బుతో కొన్నారు అని అమ్మానాన్నల్ని అడిగి ఫోన్లో రికార్డు చేయండి. మీ ఇంట్లో ఎవరైనా ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసి ఉంటే ఐడీ కార్డు, క్యాంటీన్ టోకెన్, ఏది దొరికితే అది తీసిపెట్టండి. హైదరాబాద్‌లో అపార్టుమెంట్లుగా మారబోతున్న పాత షెడ్లలో ఒక్కదాన్నయినా వీటికోసం ఉంచమని ప్రభుత్వాన్ని అడిగే రోజు వస్తే, మన చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

డిసెంబరులో వెళ్తున్నాను. మామయ్య రికార్డింగ్‌కి ఒప్పుకున్నాడు గానీ, ఇంట్లో కూర్చుని చెప్పనన్నాడు. బాలానగర్ తీసుకెళ్తే, మిషన్ ముందు నిలబడి చెప్తానన్నాడు. ఆ షెడ్డు ఇంకా ఉందట, మిషన్ కూడా.