వాననీటికి సగౌరవ వీడ్కోలు

ఇల్లు కట్టేటప్పుడు నీటి విషయంలో మనం చూపించే శ్రద్ధ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. డాబా మీద పడిన చుక్క ఎక్కడా నిలవకూడదు. అందుకని స్లాబుకు వాటం ఇస్తాం, మూలల్లో పైపులు దించుతాం, ఎక్కడైనా కాస్త మడుగు కడితే మేస్త్రీని పిలిపించి నిలదీస్తాం. ఆ పైపును వీధి కాలువలో కలిపేదాకా నిద్రపోం. ఆ తర్వాత రెండు నెలలకు ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తాం. ఈ రెండు పనులకూ సంబంధం ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

కొందరు లెక్కలు పట్టుకుని తిరుగుతున్నారు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరట. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మి.మీ. కురిస్తే 2,000 లీటర్లు. చిందింది, ఆవిరైంది, స్లాబు పీల్చుకున్నది పోగా ఓ 1,600 అయినా చేతికొస్తాయట. లెక్క తప్పని నేను అనను. కానీ అన్ని నీళ్లు బిల్లు లేకుండా, అర్ధరాత్రి గేటు ముందు హారన్ కొట్టకుండా వచ్చేస్తే వాటికి విలువేముంటుంది?

మా అపార్టుమెంటులో ఇంకుడు గుంత లేదనుకునేరు. దివ్యంగా ఉంది. ఆరడుగుల లోతు, అడుగున పెద్ద రాళ్లు, ఆపైన కంకర, అన్నిటికన్నా పైన ఇసుక. గుంత ఉంటేనే అనుమతి అన్నారు కాబట్టి తవ్వాం. అందులోకి నీళ్లు కూడా రావాలని మాకెవరూ చెప్పలేదు. డాబా పైపు దానికి జానెడు దూరంలోనే, ముఖం తిప్పుకుని, కాలువలోకి వెళ్లిపోతుంది. ఒకసారి ప్లంబరు వచ్చి, "సార్, ఇక్కడో ఎల్బో వేస్తే నీళ్లన్నీ గుంతలోకి మళ్లుతాయి కదా" అన్నాడు. మా అధ్యక్షుడు గారు అతని వంక జాలిగా చూశారు. "గుంత పాడైపోదటయ్యా?" అన్నారు. నిజమే మరి. ఏడేళ్లయింది, తడి తగల్లేదు, ఇసుక ఇంకా కొత్తగానే ఉంది. మూత మీద స్కూటర్ పెట్టుకుంటున్నాం.

పోనీ, ట్యాంకులో పట్టుకుందామా అంటే అదో పెద్ద టెన్షన్. దుమ్మూ పక్షి రెట్టలూ కొట్టుకుపోవాలి కాబట్టి మొదటి జల్లు నీళ్లు బయటికి వదిలేయాలట. జల్లెడ పెట్టాలట. మూత బిగించకపోతే డెంగీ దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దాకా వచ్చేస్తుందట. తాగాలంటే శుద్ధి చేసుకోవాలి. మొక్కలకూ, నేల కడగడానికీ, ఫ్లష్‌కూ అయితే ఆ బాధ లేదంటారు. ఫ్లష్‌కు వాననీళ్లా! శుద్ధి చేసిన తాగునీటితో తప్ప ఫ్లష్ చేసి ఎరగని వంశం మాది. పైగా వాన రాకముందే డాబా ఎక్కి ఆకులు ఊడవాలట. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు? అందుకే ఎక్కం.

బెర్ముడాను చూడమంటారు. నదులు లేని దీవులు కదా, అక్కడ కప్పులు మెట్లు మెట్లుగా కట్టి, తెల్లగా పూత వేసి, వాననంతా ఇంటికింది తొట్టిలోకి దింపుకుంటారు. వాళ్లకు గతిలేదు, మనకు ట్యాంకర్ ఉంది. నాకు నచ్చిన ఉదాహరణ అమెరికాలోని కొలరాడో రాష్ట్రం. దిగువవాళ్ల నీటి హక్కులకు భంగమని 2016 దాకా అక్కడ చాలా ఇళ్లలో వాననీళ్లకు పీపా పెట్టడమే చట్టవిరుద్ధం. ఆ ఏడాది మనసు మార్చుకుని రెండు పీపాలకు ఒప్పుకున్నారు. మేమైతే ఆ పాత చట్టాన్ని, మాకు వర్తించకపోయినా, ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాం.

ఈ విషయం మీద ఒకసారి మీటింగు కూడా జరిగింది. ఉమ్మడి డాబా మీద పడిన వాన ఎవరిది? నెత్తిన పడింది కాబట్టి మాదేనని పై అంతస్తువాళ్లు, గుంత మా కిటికీ ముందుంది కాబట్టి మాదని కిందివాళ్లు. గంటన్నర గడిచాక రెండో అంతస్తు పెద్దాయన లేచి, ఇంకిన నీళ్లు మన కాంపౌండు గోడ దగ్గరే ఆగుతాయని హామీ ఏమిటి, పక్కవాళ్ల బోరులోకి పోతే ఎవరిది పూచీ అని అడిగారు. అందరికీ ఒళ్లు గగుర్పొడిచింది. కాలువలోకి పంపితే ఎవరికీ దక్కవు కాబట్టి పేచీ లేదని ఏకగ్రీవంగా తీర్మానించాం.

మొన్నటి వానకు వీధిలో ప్రతి డాబా నీళ్లూ అదే కాలువలో కలిశాయి. కాలువ పొంగింది. మేం పంపిన నీళ్లు అడ్రసు మర్చిపోకుండా తిరిగొచ్చి మా సెల్లారులో మోకాలి లోతున నిలిచాయి. సరిగ్గా అప్పుడే ట్యాంకరూ వచ్చింది. వాచ్‌మన్ ఒక చేత్తో సెల్లారు తోడే మోటారు వైరు, ఇంకో చేత్తో ట్యాంకర్ నీళ్లు పైకెక్కించే మోటారు వైరు పట్టుకుని, నెత్తిన గోనె కప్పుకుని నిలబడ్డాడు.

"సార్, ప్లగ్గు ఒక్కటే ఉంది. ముందు నీళ్లు తోడాలా, ఎక్కించాలా?"

ఆదివారం మీటింగు పెట్టాం.