డిగ్రీకి ఆఖరి పేపరు: పాత బాకీ

అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల మీద ఎప్పుడూ ఒకటే దండకం. పేద పిల్లలు చేరతారట, సగంలో మానేస్తారట, కలిగినింటి పిల్లలు మాత్రం టోపీలు ఎగరేసుకుంటూ బయటికొస్తారట. ఇది శుద్ధ అపార్థం. ఆ విద్యాలయాలు పేదవాళ్లకు అన్యాయమేమీ చెయ్యడం లేదు, ఒక పేపరు అదనంగా పెడుతున్నాయి, అంతే. సిలబస్‌లో కనబడని ఆ పేపరు పేరు ‘హోల్డ్’, అంటే పాత బాకీ తీరేదాకా తర్వాతి సెమిస్టర్‌కు పేరు నమోదు కానివ్వకపోవడం.

దాని గొప్పతనం తెలియాలంటే ముందు అక్కడి గణితం తెలియాలి. డిగ్రీ నాలుగేళ్లది. ఎంతమంది పూర్తిచేశారో బయటపెట్టాలని 1990లో చట్టం చేశారు. గడువు మాత్రం ఒకటిన్నర రెట్లు, అంటే ఆరేళ్లు. అంత ఉదారంగా కొలిచినా ప్రభుత్వ విద్యాలయాల్లో గట్టెక్కేది నూటికి అరవై చిల్లర. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు, అంటే క్లాసులు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు, కావాలి. ఆర్థిక సాయం లెక్కలో సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు తీసుకుంటే ‘ఫుల్‌టైమ్’. ఎనిమిది సెమిస్టర్లు పన్నెండేసి చొప్పున వేస్తే 96. తక్కిన 24 సంగతి ఎవరూ అడగరు. ఎక్కాలు వచ్చినవాళ్లు అడగొచ్చు గానీ, వాళ్లు ఆపాటికి గణిత శాఖలో పీహెచ్‌డీ చేస్తూ ఉంటారు.

ఇంకో చమత్కారం ఉంది. మధ్యలో కాలేజీ మారిన విద్యార్థి ఈ కొలతలో పాత కాలేజీకి తప్పినవాడు, కొత్త కాలేజీకి పుట్టనే లేదు. 1981లో ఆక్సిడెంటల్ నుంచి కొలంబియాకు మారిన బరాక్ ఒబామాను ఈ బద్దతో కొలిస్తే, పాపం, చదువు సగంలో ఆపేసిన కుర్రాడే. (ఆ రెండూ ప్రైవేటువే అనుకోండి. బద్ద మాత్రం అందరికీ ఒకటే.)

ఇక అసలు పేపరు. ఒక అమ్మాయి ఉందనుకుందాం. మార్కులు బాగున్నాయి, పగలు క్లాసు, రాత్రి కొట్లో పని. వచ్చే సెమిస్టర్‌కు పేరు నమోదు చేసుకుందామని ఉదయం ఏడింటికి కంప్యూటర్ తెరుస్తుంది. తెర మీద ఎర్ర గుర్తు. పోయిన ఏడాది పార్కింగ్ జరిమానా, దానికి ఆలస్య రుసుము, ఆ రుసుము కట్టనందుకు ఇంకో రుసుము. ప్రొఫెసర్ రమ్మంటున్నాడు, పుస్తకం రమ్మంటోంది, ఫీజుల విభాగం మాత్రం ఆగమంటోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్లు ఊరికే అనలేదు. జీతం వచ్చే శుక్రవారం దాకా ఆగి కడుతుంది. ఈలోగా తప్పనిసరి క్లాసు నిండిపోయింది, అది ఏడాదికి ఒక్కసారే పెడతారు. ఆ క్లాసు లేక 12 క్రెడిట్లు కూడలేదు కాబట్టి సాయంలో కోత. కోత పడింది కాబట్టి పని గంటలు పెరిగాయి. గంటలు పెరిగాయి కాబట్టి... తక్కినది మీరే పూరించండి, రెండు మార్కులు.

అదే ఎర్ర గుర్తు పక్క గది అబ్బాయికీ వచ్చింది. వాళ్ల నాన్నకు మెసేజ్ పెట్టాడు. ఆయన మీటింగులోంచే ఫోన్లో నొక్కాడు. గుర్తు పోయింది. అబ్బాయి మళ్లీ పడుకున్నాడు. ఒకే మార్కులతో చేరిన ఇద్దరిలో పేదింటి బిడ్డ పట్టా దాకా వెళ్లే అవకాశం తక్కువని పరిశోధకులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఇందులో పరిశోధించడానికేముంది? ఒకరికి పేపరు పెట్టారు, ఇంకొకరి పేపరు నాన్న రాశాడు.

ఇంత పటిష్ఠమైన పరీక్షను కొందరు పాడుచేస్తున్నారు. అట్లాంటాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2011 నుంచి, చిన్న బాకీతో ఆగిపోయేవాళ్లను తానే వెతికి ఆ కాస్తా కట్టేయడం మొదలెట్టింది. దానికి తోడు, ఎవరు దారి తప్పుతున్నారో కంప్యూటర్‌తో కనిపెట్టి సలహాదారుల్ని పంపింది. చివరికేమైంది? అక్కడి నల్లజాతి విద్యార్థులు, పేదింటి విద్యార్థులు తక్కినవాళ్లతో సమానంగా పట్టాలు పుచ్చుకుంటున్నారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం ఇంకో ఆకు ఎక్కువే చదివింది. 2007లో తన రెండేళ్ల కాలేజీల్లో ఒక పథకం పెట్టి ఫీజుకు తగ్గిన సొమ్ము, పాఠ్యపుస్తకాలు, ఒక సలహాదారు, పైగా బస్సూ రైలూ ఎక్కడానికి పాసు కూడా ఇచ్చింది. లాటరీ వేసి కొందరిని పథకంలో చేర్చి, తక్కినవాళ్లతో పోల్చి చూస్తే మూడేళ్లలో పూర్తిచేసినవాళ్లు పథకంలో ఉన్నవారిలో నూటికి 40, లేనివారిలో 22. పట్టుదల, క్రమశిక్షణ, మనోధైర్యం మీద ఇన్ని సెమినార్లు పెట్టిన పెద్దల ముఖాన బస్సు పాసు విసిరినట్టయింది.

ప్రభుత్వం సంగతి వేరు, దానికి సంయమనం ఎక్కువ. పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు గరిష్ఠ మొత్తం 1970ల నడుమ ప్రభుత్వ విద్యాలయంలో చదువు, వసతి, తిండి ఖర్చులో నూటికి 75కు పైగా సరిపోయేది. ఇప్పుడు 30 దరిదాపుల్లో ఉంది. పిల్లలు గారాబంతో చెడిపోకూడదని కాబోలు.

మన అమ్మాయి నాలుగో సెమిస్టర్‌లో మానేసింది. విద్యాలయం ఎందుకని అడగలేదు, సలహాదారుకు ఆవిడ ఫోన్ నంబరు దొరకలేదట. ఏడాది తిరిగేసరికి మాత్రం ఆవిడ కొత్త అద్దె ఇంటికి రెండు కవర్లు వచ్చాయి. ఒకటి బాకీ వసూలు సంస్థ నుంచి. రెండోది పూర్వ విద్యార్థుల సంఘం నుంచి, మంచి మందపాటి కాగితం మీద, మీకు ఇంత ఇచ్చిన విద్యాలయానికి తోచినంత విరాళమివ్వమని.